వసంతంలో పసిపిల్లలతో పెరటి పని: ఈ వారం ఏది చెయ్యాలి, ఏది ఆపాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. 4 ఏళ్ల బాబు, 14 నెలల పాప. మీ ఇద్దరికీ ఉద్యోగాలు. చలికాలమంతా పట్టించుకోని పెరడు ఎండ రాగానే ఒక్కసారి పైకి లేచింది. ఈ వారంలోనే గడ్డి కొయ్యాలి, మడి తవ్వాలి, విత్తనాలు వెయ్యాలి, కంచె పక్కన పొదలు కత్తిరించాలి. వారంలో మూడు సాయంత్రాలు మీరొక్కరే ఇద్దరు పిల్లలతో ఉంటారు. పోయిన ఆదివారం అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఒక్కటీ పూర్తి కాలేదు, చీకటి పడేసరికి పిల్లలు ఏడుస్తూ, మీరిద్దరూ మాటా మాటా అనుకుంటూ లోపలికి వచ్చారు. పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా పెరడు వదిలెయ్యడమే మంచిదా అని అడిగారు.

వదిలెయ్యక్కర్లేదండీ. పనుల్ని రెండు కుప్పలు చెయ్యండి చాలు. పిల్లలు పక్కనుండగా చెయ్యగలిగేవి ఒక కుప్ప, పిల్లలు పెరట్లో లేనప్పుడే చెయ్యాల్సినవి ఇంకో కుప్ప. ఈ రెండింటినీ ఒకే గంటలో ఎప్పుడూ కలపకండి. రెండో కుప్పలోంచి వారానికి ఒకే ఒక్క పని తీసుకోండి. మొదటి కుప్పలోంచి రోజుకు ఇరవై నిమిషాలు. మీ వయసు పిల్లలున్న ఇంటికి వసంతంలో ఇంతకు మించి పట్టదు, ఇంతకు మించి అవసరమూ లేదు.

నేను 19 ఏళ్లుగా ఇళ్ల పెరళ్లు, బడి తోటలు చూసుకునే పనిలో ఉన్నాను. మా ముగ్గురు పిల్లలూ ఆ పని మధ్యలోనే పెరిగారు. పసిపిల్లలున్న ఇళ్లకు వెళ్లినప్పుడు నేను చూసేది దాదాపు మీరు చెప్పిందే. పని ఎక్కువై కాదు వాళ్లు అలిసిపోయేది. ఒక చేత్తో కత్తెర పట్టుకుని ఇంకో కంటితో పాపను చూసుకోవాలి. ఆ చూపు చీలిపోవడంతోనే మనిషి సగం అలిసిపోతాడు. పనీ సరిగ్గా సాగదు, పిల్లల మీదా ధ్యాస నిలవదు, చివరికి ఎవరో ఒకరి మీద కేకలు పడతాయి.

పిల్లలు లేనప్పుడే చెయ్యాల్సినవి

గడ్డి కోసే మిషన్, పొదలు కత్తిరించే కరెంటు కత్తెర, నిచ్చెన, గొడ్డలి, గడ్డపార, ఏ రకం మందైనా సరే చల్లడం. వీటిలో ఏది చేతిలో ఉన్నా పిల్లలు పెరట్లో ఉండకూడదు. దూరంగా కూర్చోబెట్టామన్నది లెక్కలోకి రాదు. నాలుగేళ్ల పిల్లాడు ఆ మూల నుంచి మీ కాళ్ల దగ్గరికి రావడానికి మూడు నాలుగు సెకన్లు చాలు, మిషన్ చప్పుడులో వాడు పిలిచినా మీకు వినపడదు. గడ్డి కోసే మిషన్ రెక్క కొస తిరిగే వేగం గంటకు 300 కిలోమీటర్ల దాకా వెళ్లగలదు. దాని కింద చిన్న రాయి పడితే ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

మా పెద్దవాడికి మూడేళ్లప్పుడు ఒక గులకరాయి అలాగే ఎగిరి వెనక గుమ్మం రేకు తలుపుకు తగిలింది. మిషన్ ఆపి వెళ్లి చూశాను. రేకులో బొటనవేలు పట్టేంత సొట్ట. నేను నిలబడితే ఆ సొట్ట నా తొడ ఎత్తున ఉంది, అంటే మా వాడి మొహం ఎత్తున. పది నిమిషాల క్రితం వాడు ఆ తలుపును ఆనుకునే నిలబడి నాకు చెయ్యి ఊపాడు. ఆ తలుపు మేము మార్చలేదు. మిషన్ బయటికి తీసిన ప్రతిసారీ ముందు ఆ సొట్ట వైపు చూసి, పిల్లలు ఎక్కడున్నారో ఇంట్లోవాళ్లను అడిగి, ఆ తర్వాతే స్టార్ట్ చేసేదాన్ని.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్యుల సంఘం, తోసుకెళ్లే మిషన్ వాడటానికి కనీసం 12 ఏళ్లు, కూర్చుని నడిపే మిషన్‌కు కనీసం 16 ఏళ్లు ఉండాలని చెబుతుంది. పిల్లల్ని మిషన్ మీద ఎక్కించుకుని తిప్పడం అసలు వద్దంటుంది. ముచ్చటపడి పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకునే నాన్నలకు, తాతలకు ఈ మాట గట్టిగానే చెప్పాల్సి వస్తుంది, ఎందుకంటే ఒకసారి ఎక్కిన పిల్లాడు తర్వాత ఆ చప్పుడు వినగానే పరిగెత్తుకొస్తాడు. ఇంజను ఆపాక కూడా పొగగొట్టం చాలాసేపు కాలుతుంది. చల్లారేదాకా దాన్ని పిల్లలకు అందని చోట పెట్టండి.

మరి ఈ పనికి సమయం ఎప్పుడు? అందరూ చెప్పేది పాప పడుకున్నప్పుడు అని. నేను ఒప్పుకోను. పెట్రోలు మిషన్ చప్పుడు 90 డెసిబెల్స్ దాకా ఉంటుంది. 85 దాటితే చెవులకు రక్షణ పెట్టుకోవాలన్నది పనిచోట్ల పాటించే లెక్క. ఆ మోత కిటికీ బయట మోగుతుంటే పాప పాతిక నిమిషాల్లో లేచి కూర్చుంటుంది, నిద్ర చాలక రాత్రి దాకా చిరాకు పడుతుంది. మా రెండో దానితో ఒక నెల అంతా ఈ తప్పు చేశాక మార్చుకున్నాం. మిషన్ పని ఉన్న గంటలో ఇంకొకరు పిల్లలిద్దర్నీ తీసుకుని ఇంటి బయటికి వెళ్లాలి. నడకకో, ఆట స్థలానికో, ఎవరింటికో. పాప పడుకున్న సమయాన్ని చప్పుడు లేని పనులకు ఉంచుకోండి: చేతి కత్తెరతో కత్తిరించడం, కుండీలు మార్చడం, నారు నాటడం, మడి చదును చెయ్యడం.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి, మీరు సూటిగా రాయకపోయినా మీ ప్రశ్నలో అది ఉంది. పిల్లల్ని బయటికి తీసుకెళ్లిన మనిషి ఆ గంట పెరటి పనే చేసినట్టు లెక్క. గడ్డి కోసినవాళ్లకు కళ్లెదురుగా నున్నటి నేల కనిపిస్తుంది. ఇద్దరు పిల్లల్ని ఎండలో తిప్పి తీసుకొచ్చినవాళ్లకు చూపించుకోవడానికేమీ ఉండదు. "నేనొక్కణ్ణే చేస్తున్నాను", "నాకు చెయ్యనివ్వడమే లేదు" అన్న మాటలు అక్కడే పుడతాయి. ఒక వారం మీ వారు మిషన్ పడితే పై వారం మీరు పట్టండి. మా ఇంట్లో ఇలా మార్చుకోవడం మొదలయ్యాకే ఆదివారం సాయంత్రాలు ప్రశాంతంగా గడిచాయి.

ఈ వారం నిజంగా ఆగనివి ఎన్ని?

పైన చెప్పినవి కాక చిన్నాచితకా కలిపి మీ జాబితాలో తొమ్మిది పనులున్నాయి. నా లెక్కలో ఈ వారం ఆగనివి రెండే: మొదటి గడ్డి కోత, గింజ పట్టకముందే కలుపు తీసెయ్యడం. మిగతావాటికి వారం, పది రోజులు అటూ ఇటూ అయినా నష్టం లేదు. కొన్నిటికైతే ఆగడమే మేలు.

పొదల సంగతి తీసుకోండి. వసంతంలో పూసే పొదలు చాలావరకు పోయిన ఏడాది కొమ్మల మీద మొగ్గ కడతాయి. ఇప్పుడు కత్తిరిస్తే ఈ ఏడాది పూతే కత్తిరించినట్టు. పూత అయిపోయాక చెయ్యాలి. వేసవిలో కొత్త చిగురు మీద పూసేవాటినైతే చిగురు బాగా సాగకముందే కత్తిరించాలి. ఏ రకమైనా సరే, కత్తెర పెట్టేముందు పొద లోపలికి తొంగి చూడండి. ఇది పిట్టలు గూళ్లు కట్టుకునే కాలం. గూడు కనిపిస్తే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ పొద జోలికి పోకండి. బాబుకు ఆ గూడు దూరం నుంచి చూపించండి, వారమంతా వాడికి అదే లోకం.

మూలల్లో పేరుకున్న ఎండుటాకుల్ని ఊడ్చెయ్యాలని కూడా రాశారు. వాటి కింద చలికాలం గడిపిన పురుగులు, గొంగళ్లు ఇంకా ఉంటాయి. పగటి వేడి 10 డిగ్రీలు దాటి నిలకడగా ఉన్నాక తియ్యండి. తీసినవి పారెయ్యకుండా చెట్ల మొదళ్ల చుట్టూ 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరిస్తే కలుపు తగ్గుతుంది, తేమ నిలుస్తుంది. మానుకు మాత్రం ఆనించకండి, ఓ జానెడు ఎడం ఉంచండి, లేదంటే బెరడు కుళ్లుతుంది.

గడ్డి బాగా ఎత్తు పెరిగిందన్నారు కదా. ఒకే కోతలో కిందికి దించెయ్యకండి. ఒక కోతకు ఎత్తులో మూడో వంతు మించి తియ్యకూడదు. ఎక్కువ తీస్తే ఆకు పోయి వేరు నీరసిస్తుంది, ఆ ఖాళీల్లో కలుపు మొలుస్తుంది. రెక్కను అన్నిటికన్నా పై మెట్టుకు పెట్టి ఈ వారం ఒక కోత, నాలుగైదు రోజుల తర్వాత ఇంకోటి. తడి గడ్డి కొయ్యకండి, కాలు జారుతుంది, మిషన్ కింద ముద్దలు కడుతుంది.

నేల పదును

విత్తనాల విషయంలో మీకు క్యాలెండరు చూపించను. అదును మీ చేతిలో లేకపోయినా పదును మాత్రం చేత్తోనే తెలుస్తుంది. మడిలోంచి నాలుగు వేళ్ల లోతున గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిసకండి. చెయ్యి విప్పి ఆ ముద్దను బొటనవేలితో పొడవండి. పొడిపొడిగా విడిపోతే పదునున్నట్టు, పని మొదలుపెట్టొచ్చు. బంకలా అంటుకుని వేలి గుర్తు పడితే ఇంకా తడి ఎక్కువ. ఆ తడిలో తవ్వితే, లేదా పిల్లలు ఎక్కి తొక్కితే, నేలలో గాలి పోయే సందులు మూసుకుపోతాయి. ఎండగానే పెచ్చుల్లా గట్టిపడి ఆ ఏడాదంతా ఇబ్బంది పెడుతుంది. ఈ పరీక్ష నాలుగేళ్ల పిల్లలకు భలే నచ్చుతుంది. మట్టి పిసికే పని వాడికి అప్పజెప్పండి. "విరిగిందా, అంటిందా?" అని మీరు అడగండి. మూడు రోజులు వరసగా చేయిస్తే నాలుగో రోజు వాడే చెప్తాడు.

పెద్ద మడి తవ్వే ఆలోచన ఈ ఏడాదికి మానుకోండి. మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పున్న ఒక్క మడి చాలు. పెద్దవాళ్ల చేతికి రెండు వైపుల నుంచీ 120 సెంటీమీటర్ల మడి అందుతుంది. పిల్లల చెయ్యి అందులో సగమే అందుతుంది. వెడల్పు ఎక్కువైతే వాడు మడిలోకి దిగక తప్పదు. గడ్డి మొలిచిన చోటు ఎంచుకుంటే తవ్వకుండానే చెయ్యొచ్చు. రంగులు, టేపులు లేని అట్టపెట్టెలు విప్పి నేలమీద పరిచి బాగా తడపండి. పైన 10 నుంచి 15 సెంటీమీటర్ల మందాన బాగా మాగిన కంపోస్టు పొయ్యండి. నడుముకు శ్రమ తప్పుతుంది. 14 నెలల పాపను రోజూ చంకన ఎత్తుకునే నడుముతో గడ్డపార పడితే ఏమవుతుందో నాకు తెలుసు. మా చిన్నదానికి ఏడాదిన్నరప్పుడు ఒక శనివారం మూడు గంటలు తవ్వి, ఆ తర్వాత పన్నెండు రోజులు దాన్ని ఎత్తుకోలేకపోయాను. చేతులు చాపి నిలబడిన పిల్లకు "రేపు ఎత్తుకుంటానమ్మా" అని చెప్పడం ఇప్పటికీ బాధగానే గుర్తొస్తుంది.

మీరొక్కరే ఉన్న ఆ మూడు సాయంత్రాలు

నా మాటగా ఒక నియమం పెట్టుకోండి: పాప మీ చెయ్యి అందేంత దూరంలో ఉండాలి, రెండు చేతులూ కావలసిన పని ఏదీ ముట్టుకోకూడదు. అప్పుడు మిగిలేవి చేత్తో కలుపు పీకడం, నీళ్లు పోయడం, రాళ్లు ఏరడం, చూడటం. తక్కువేం కాదు. వాన పడిన మర్నాడు కలుపు వేరుతో సహా వస్తుంది. ఇరవై నిమిషాలు చేస్తే ఒక మూల శుభ్రపడుతుంది. రెండు సాయంత్రాలకు రెండు మూలలు.

మిగిలిన సాయంత్రం రాళ్ల వేటకు ఉంచుకోండి. గడ్డి కొయ్యబోయే ముందురోజైతే మరీ మంచిది. బాబు చేతికి చిన్న బకెట్టు ఇచ్చి గడ్డిలో ఉన్న రాళ్లు, పుల్లలు, బొమ్మలు అన్నీ ఏరమనండి. గాజు పెంకులు, మేకులు ఉండొచ్చు కాబట్టి ముందు మీరొకసారి చూసి రండి. వాడు బకెట్టు మోసుకొచ్చి కుప్ప పోసేటప్పుడు లెక్కపెట్టండి. పిల్లల్ని ఊరుకోబెట్టడానికి అంటగట్టిన పని కాదిది, మిషన్‌కు నిజంగా కావలసిన పని. ఆ తేడా పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. ఉత్తుత్తి పనిని రెండు నిమిషాల్లో వదిలేసే పిల్లలు అసలు పనిని పావుగంట చేస్తారు. ఇదే కారణానికి ప్లాస్టిక్ బొమ్మ పనిముట్లు కొనొద్దంటాను, మట్టిలో గుచ్చగానే వంగిపోతాయి. పొట్టి పిడి ఉన్న నిజమైన చిన్న తాపీలాంటిది, అంచు పదును లేనిది, ఒకటి చాలు.

పాపకు ఒక గుడ్డ పరిచి దాని మీద గిన్నె, గరిటె, కొంచెం నీళ్లు. ఆ వయసులో చేతికి దొరికింది నోట్లోకే వెళ్తుంది. టాయిలెట్ పేపర్ చుట్టలో మిగిలే అట్టగొట్టం ఉంటుంది కదా, అందులో దూరే వస్తువేదైనా ఆమె గొంతుకు అడ్డం పడొచ్చు. గులకరాళ్లు, చిక్కుడు గింజలు, విత్తనాల సంచి మూత, అన్నీ ఆ లెక్కలోవే.

ఎప్పుడు ఆపాలన్నది ఎప్పుడు మొదలుపెట్టాలన్నదానికంటే ముఖ్యం. వాళ్లు ఇంకా ఆడతామంటున్నప్పుడే లోపలికి తీసుకెళ్లండి. అలిసి ఏడుపు మొదలయ్యేదాకా ఉంటే చేతులు కడగడం, బట్టలు మార్చడం, అన్నీ యుద్ధమే. రోజూ చివరికి ఒకే పని పెట్టుకోండి. మా ఇంట్లో నీళ్ల డబ్బా ఖాళీ చెయ్యడం ఉండేది. చివరి చుక్క పడగానే ఇంక లోపలికే అని పిల్లలకు తెలుసు. ఎవరూ ఎవర్నీ పిలవాల్సిన పని లేకపోయేది.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకండి. పొద్దు పొడుగవుతున్న కొద్దీ పడుకునే వేళ జరిగిపోతూ ఉంటుంది. ఒకటి నుంచి రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్లవాళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. వెలుతురు ఉంది కదా అని ఇంకో అరగంట పని లాగితే దాని ఫలితం మర్నాడు పొద్దున కనిపిస్తుంది.

విత్తడం

దీనికి శనివారం పొద్దున్న ఉంచండి, ఇద్దరు పెద్దవాళ్లూ ఉన్నప్పుడు. బాబుకు పెద్ద గింజలివ్వండి: చిక్కుళ్లు, పొద్దుతిరుగుడు. వాడి వేళ్లకు పట్టు దొరుకుతుంది. పాపను మాత్రం ఆ గింజలకు దూరంగా ఇంకొకరు చూసుకోవాలి. గులాబీ, ఆకుపచ్చ, నీలం వంటి రంగు పూత ఉన్న గింజల్ని పిల్లల చేతికి ఇవ్వకండి. ఆ రంగు సాధారణంగా బూజు పట్టకుండా మందు పట్టించారనడానికి గుర్తు. పచ్చి చిక్కుడు జాతి గింజలు కొన్ని తింటే వాంతులవుతాయి, కాబట్టి నోట్లో పెట్టుకోకూడదని ముందే చెప్పండి. చిక్కుళ్లకు నేల వెచ్చబడాలి, కనీసం 15 డిగ్రీలు ఉండాలి. నేల ఇంకా చల్లగా ఉంటే ముల్లంగి వెయ్యండి. మూడు నుంచి ఐదారు రోజుల్లో మొలక, నెలా పదిహేను రోజుల్లోపే చేతికి దుంప. ఓపిక తక్కువున్న వయసుకు దాన్ని మించిన పంట లేదు.

లోతు గింజ మందానికి రెండు మూడు రెట్లు. పెద్దవాళ్లకు ఈ మాట చాలు. పిల్లలకైతే వేలు చూపించాలి. మా రెండోది నాలుగేళ్లప్పుడు చిక్కుడు విత్తుతుంటే చూపుడువేలి మొదటి గీత దాకా సిరా చుక్క పెట్టాను. అది ఆ చుక్క మునిగేదాకా వేలు గుచ్చి, తీసి, మళ్లీ చుక్క కనిపిస్తోందో లేదో చూసుకునేది. గింజ వేసేముందు అరచేతిలో పెట్టుకుని ఊదేది, ఎందుకో నేనడగలేదు. ఒక గుంటలో ఒకటే వెయ్యమంటే ఆరు వేసింది, ఒక్కదానికి భయమేస్తుందట. మట్టి కప్పి అరచేత్తో అద్దింది, ఆ అయిదు వేళ్ల ముద్ర పొద్దున్నే మంచు తడిలో కూడా అలాగే ఉంది.

ఆ ఆరింటినీ ఏరి తియ్యకండి, తిట్టకండి. మొలిచాక బలమైన ఒక్కదాన్ని ఉంచి మిగతావి కత్తెరతో మొదట్లో కత్తిరిస్తే సరి. పీకితే పక్క వేరు కదులుతుంది. ఇంకో చిక్కు ఉంది: మర్నాడు పొద్దున్నే మొలిచిందేమోనని తవ్వి చూస్తారు. ఆపడం కష్టం. అందుకే మడిలో విత్తిన రోజే ఒక గాజుగ్లాసులో తడిగుడ్డ చుట్టి, గుడ్డకూ గాజుకూ మధ్య రెండు గింజలు పెట్టించండి. వేరు ముందు కిందికి దిగడం, ఆ తర్వాత మెడ వంచుకుని మొలక పైకి లేవడం కళ్లారా చూస్తాడు. మడిలో కూడా ఇప్పుడు ఇదే జరుగుతోందని చెప్పండి. తవ్వడం ఆగిపోతుంది. గ్లాసు మాత్రం పాపకు అందని ఎత్తులో ఉండాలి.

ఇంట్లో పెంచిన నారు ఉంటే తిన్నగా ఎండలోకి తెచ్చి నాటకండి. మొదటి రోజు గంటసేపు నీడలో, తర్వాత రోజూ కాస్త పెంచుతూ వారం పది రోజుల్లో ఎండకు, గాలికి అలవాటు చెయ్యాలి. కుండీల్ని బయటికి తేవడం, లోపల పెట్టడం బాబుకు అప్పగించొచ్చు. రోజూ చేసే చిన్న పని వాడికి గుర్తుంటుంది, చాలాసార్లు మనకే గుర్తు చేస్తాడు.

పెరట్లో నేను ముందు వెతికేవి

కొత్త ఇంటికి వెళ్లగానే మొక్కలకంటే ముందు నీళ్లు చూస్తాను. వాన నీరు నిలిచిన బకెట్లు, తొట్లు, బోర్లించని డబ్బాలు. నడక నేర్చుకునే పిల్లలకు తల బరువు ఎక్కువ. బకెట్టులోకి వంగి తలకిందులైతే వాళ్లంతట వాళ్లు పైకి లేవలేరు. రెండు అంగుళాల నీరు కూడా ప్రాణం తీస్తుంది, చప్పుడే రాదు. పని అయిపోగానే బకెట్లు బోర్లించండి. ఈ ఒక్కటి ఈ రాత్రే చెయ్యండి.

తర్వాత విషపు మొక్కలు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఆముదం, గురివింద. వీటిలో ఏది ఉన్నా ఈ నాలుగైదేళ్లు పెరట్లో ఉండకూడదన్నది నా అభిప్రాయం. గన్నేరులో ఆకు, పువ్వు, పుల్ల అన్నీ విషమే. గురివింద గింజ ఎర్రగా నల్లచుక్కతో పిల్లల్ని పిలుస్తున్నట్టే ఉంటుంది. కొట్టేసినా ఆ కొమ్మల్ని కాల్చకండి, పొగ కూడా మంచిది కాదు. పాప ఏ మొక్కైనా నమిలిందని అనుమానం వస్తే నోట్లో మిగిలింది తీసేసి, మొక్క ముక్క వెంట పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. బలవంతంగా వాంతి చేయించకండి.

మట్టిలో చెయ్యి పెట్టడం గురించి కొందరు మరీ భయపడతారు, నేను భయపడను. అయితే పిల్లులు, కుక్కలు మలవిసర్జన చేసే చోట మాత్రం తవ్వనివ్వను. ఆ మట్టిలో నులిపురుగుల గుడ్లు ఉండొచ్చు, అవి నెలల తరబడి బతుకుతాయి. ఇసుక తొట్టి ఉంటే ఆట అయిపోగానే కప్పెయ్యండి. పచ్చి పేడ ఎరువు పిల్లలు ఆడే మడికి వద్దు, బాగా మాగిందే వాడండి. లోపలికి రాగానే సబ్బుతో చేతులు. ధనుర్వాతం టీకాలు పిల్లలకే కాదు, మీ ఇద్దరికీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి, పెద్దవాళ్లు బూస్టరు సంగతి మర్చిపోతారు. ఇంట్లో ఎవరైనా గర్భిణి ఉంటే మట్టి పనికి చేతి తొడుగులు తప్పనిసరి.

కలుపు మందు వాడొచ్చా అన్నారు. ఈ వయసు పిల్లలున్న పెరట్లో నేను వాడను. వాళ్లు నేలమీద పాకుతారు, అదే చేతులు నోట్లో పెట్టుకుంటారు, వాళ్ల బరువుకు కొంచెం మందే ఎక్కువవుతుంది. నడిచే దారి రాళ్ల సందుల్లో గడ్డిమొక్కల మీద మరిగే నీళ్లు పొయ్యండి, అది కూడా పిల్లలు నిద్రపోయాకే.

ఇదంతా కలిపి మీ వారం ఎలా ఉంటుందంటే: మీరొక్కరే ఉన్న మూడు సాయంత్రాల్లో రెండు కలుపుకు, ఒకటి రాళ్లకు. ఆ రాళ్ల వేట శుక్రవారం పడేలా చూసుకోండి. శనివారం పొద్దున్న విత్తడం, మధ్యాహ్నం పాప పడుకున్నప్పుడు ఒకరు చప్పుడు లేని పని, ఇంకొకరు విశ్రాంతి. శనివారం సాయంత్రమో ఆదివారం పొద్దున్నో మంచు తడి ఆరాక ఒక గంట మిషన్. మిగిలిన ఆదివారం ఖాళీ. వాన పడితే తడి నేలను ముట్టుకోకుండా విత్తనాల గ్లాసు, కుండీల పని చూసుకోండి, గడ్డి కోత పై వారానికి జరపండి. ఒక రోజు తప్పినా దాన్ని మర్నాటికి కలిపి నలభై నిమిషాలు చెయ్యకండి, తప్పింది తప్పిందే.

మీ పొదలు ఏ నెలలో పూస్తాయో, ఇప్పుడు కొమ్మల మీద మొగ్గలున్నాయో లేదో చూసి రాస్తే, వాటిని ఈ నెలలో ముట్టుకోవాలో ఆగాలో చెప్తాను. అప్పటిదాకా ఆ కత్తెర పక్కన పెట్టండి.